మాలకొండమ్మ సొంతవాక్యాలు

ఆత్మకూరు,
14 జూలై 2024.

మాలకొండత్తకు,

దండాలత్తా. నువ్వు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన కర్రగరిటెలు రెండూ భద్రంగా అందాయి. ఒకటి నేను ఉంచుకుని రెండోది మా హెడ్మాస్టరమ్మ విజయదుర్గ గారికి ఇచ్చాను. ఉదయగిరి గరిటెతో కలిపితే పప్పు రుచే మారిందని ఆవిడ బడంతా చెప్పుకొచ్చారు. ఇప్పుడు మిగతా టీచర్లు నా వైపు అదోలా చూస్తున్నారు. ఇంకో నాలుగు పంపితే గానీ నాకు ఇక్కడ మర్యాద దక్కేలా లేదు.

ఈ ఏడు తొమ్మిదో తరగతికి తెలుగు నేనే చెబుతున్నాను. మొన్న పాఠంలో ‘కుతర్కంగా’ అనే మాట వచ్చింది. పైకి ఎంతో తెలివిగా, న్యాయంగా వినపడుతూ లోపల మనల్ని తప్పుదోవ పట్టించేలా వాదిస్తే అలా అంటామని చెప్పాను. అందరూ తలలూపారు. సొంతవాక్యాలు రాయమన్నాను. ఒకడు ‘మా తాత కుతర్కంగా దగ్గుతున్నాడు’ అని రాశాడు. ఒకమ్మాయి ‘నిన్న వాన కుతర్కంగా కురిసింది’ అని రాసింది. ముప్పై ఎనిమిది నోటుబుక్కుల్లో ఒక్కటీ కుదరలేదు.

తప్పు వాళ్లది కాదు. ఆ మాట వాళ్లకు పుస్తకంలోనే ఉంది, ఊళ్లో లేదు. అందుకే నీకు రాస్తున్నాను. ఎవరు ఎక్కడ మాట మెలిపెట్టారో పట్టుకోవడంలో నీ అంత మనిషిని నేను చూడలేదు. చెవులు వినపడకపోయినా పెదాలు చూసి పట్టేస్తావు. నాలుగు వాక్యాలు రాసి పంపు.

ఇంకో సంగతి. నీ పోయిన ఉత్తరంలో గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇంతకుముందు నీ రాత ముత్యాల్లా ఉండేది. కళ్లు ఎలా ఉన్నాయో దాచకుండా చెప్పు.

పాఠం చెబుతూ చెబుతూ ఒక్కోసారి నా గొర్రెలు గుర్తొస్తాయి. నా ఐదో ఏట చెవులు కుట్టించిన రోజు నువ్వు నా చేతికిచ్చిన ఆడ గొర్రెపిల్ల, దాని పిల్లలు, వాటి పిల్లలు. అవే లేకపోతే ఇంటరుతో నా చదువు ఆగిపోయేది. వాటిని కాసినందుకు నీకెన్ని దండాలు పెట్టినా తక్కువే.

నీ మేనకోడలు
నిరోష


ఉదయగిరి,
23 జూలై 2024.

బంగారుతల్లి నిరోషకు,

అత్త దీవెనలు. నేను బాగున్నాను, జీవాలు బాగున్నాయి, దుర్గం కొండ ఉన్నచోటే ఉంది. నేను నోటితో మాట్లాడేది ఒక తీరు, రాసేది ఒక తీరు అని నువ్వు నవ్వుతుంటావు. ముప్పై ఏళ్ల కిందట అక్షరాస్యత బడిలో పలక పట్టించిన సారు పుస్తకంలో ఉన్నట్టే రాయాలని చెప్పి పోయాడు. ఆ సారు మాట నేను ఇంకా దాటలేదు.

నువ్వు అడిగిన వాక్యాలు ఇవి. వీధిలోకి పోయి ఏరుకొచ్చాను.

మస్తానయ్య మేక కామయ్య కందిచేలో పడింది. ‘కంచెకు సందు పెట్టింది నువ్వు, సందుంటే మేక పోతాది, కాబట్టి మేకను పిలిచింది నువ్వే’ అని మస్తానయ్య కుతర్కంగా వాదించాడు. కామయ్య తక్కువవాడు కాదు. ‘పిలిచింది నేనే అయితే చుట్టం నాల్రోజులు ఉండిపోనీ’ అని మేకను తన కొట్టంలో కట్టేసుకున్నాడు.

పిచ్చయ్య టికెట్టు తీసుకోకుండా మీ ఆత్మకూరు బస్సెక్కి, ‘నేను ఎక్కకపోయినా ఈ బస్సు ఆత్మకూరు పోయేదే గదా, నా వల్ల నీకేంది నష్టం’ అని కండక్టరుతో కుతర్కంగా వాదించాడు. ‘నువ్వు దిగినా పోతాది, దిగు’ అని కండక్టరు మర్రిపాడు దగ్గర దించేశాడట.

ఒక ముసలిది చచ్చిన గొర్రెకు కుతర్కంగా పిల్లల్ని పుట్టించింది.

మూడోది పిల్లలకు చెప్పకు, వాళ్లకు అర్థం కాదు. నీకూ అర్థం కాకపోయినా నష్టం లేదు. ఊరికే చెయ్యి పోయినట్టు రాశాను.

గీతలు వంకర పోయింది నా కళ్ల వల్ల కాదు. రాసుకునే పీట కాలు ఒకటి కురచైంది. నువ్వు మొదటి జీతంతో చేయించిన కమ్మలు చెవులకు అలాగే ఉన్నాయి, నీళ్లు పోసుకునేటప్పుడు కూడా తీయను. ఈ చెవులకు వేరే పని ఏముంది, కమ్మలు మొయ్యడమే కదా.

గరిటెలు పంపుతాను.

మీ అత్త
మాలకొండమ్మ


ఆత్మకూరు,
4 ఆగస్టు 2024.

అత్తా,

నీ మేకా, నీ బస్సూ మా బళ్లో పండగ చేశాయి. ఇప్పుడు ఎవరు ఏ సాకు చెప్పినా ‘టీచర్, పిచ్చయ్య మాట్లాడుతున్నాడు’ అంటున్నారు. అందరూ వాక్యాలు సరిగ్గా రాశారు. ఇంట్లో జరిగినవే రాశారు, కొన్ని బయట చెప్పకూడనివి కూడా. నీకు చాలా రుణపడ్డాను. మూడో వాక్యం నాకూ అర్థం కాలేదు. నీ హాస్యంలే అని వదిలేశాను.

కానీ పీట కాలు కథ నేను నమ్మను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. అడ్రసులో నా పేరు రెండుసార్లు, ఒకదాని మీద ఒకటి రాశావు. పోస్ట్‌మాన్ ఎవరిదో అని తిప్పి పంపబోయి, నీ ఊరి ముద్ర చూసి నాకిచ్చాడు.

ఇక్కడ కళ్ల డాక్టరును కలిసి అడిగాను. నేను చెప్పిందంతా విని, శుక్లాలే అయ్యుండాలి, చిన్న ఆపరేషను, పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు అన్నాడు. ఆ తర్వాత నెలా పది రోజులు దుమ్ము, పొగ తగలకూడదు, వంగకూడదు. ఆలస్యం చేస్తే ముదిరిపోయి చూపు అసలుకే పోవచ్చట. నా దగ్గరే ఉండు. ముందు గది ఖాళీగానే ఉంది.

ఒక్కసారి ఆలోచించత్తా. ఫోను నీకు వినపడదు. రేపు కళ్లు కూడా పోతే నా ఉత్తరం నువ్వు చదవలేవు, ఎవరైనా చదివి చెప్పినా వినలేవు. పక్కనే కూర్చున్నా నీతో మాట్లాడే దారి నాకుండదు. అమ్మ పోయాక, నాయన కలువాయిలో వేరే కాపురం పెట్టుకున్నాక, హాస్టల్ సెలవులకు నాకు ఇల్లంటే నీ ఇల్లే. నువ్వు రాసే ఉత్తరమే నాకు పుట్టిల్లు.

జీవాలను ఎవరు చూస్తారంటావేమో. పక్కింటి తిరుపాలు ఉన్నాడు కదా, ఆ నెల ఆయన మందలో కలిపి కాయమను. ఎక్కువైతే చెవికి నా గుర్తున్నవాటిని అమ్మేసెయ్. నాకు ఇప్పుడు జీతం ఉంది, అవి లేకపోయినా ఫరవాలేదు.

నిరోష


ఉదయగిరి,
13 ఆగస్టు 2024.

నిరోషకు,

అత్త రాసేది. నీ ఉత్తరం చదివాను. జవాబులు వరసగా చెబుతాను, నువ్వు టీచరువు కాబట్టి దిద్దుకో.

చెవులు పోయినప్పుడు నా కళ్లు పదునెక్కాయి. ఇప్పుడు కళ్లు మందగిస్తే చెవులు తిరిగి వస్తాయేమో, దేవుడి పనికి మనం అడ్డం పడకూడదు. మందలో గొర్రెలు ముందు నడుస్తాయి, కాపరి వెనక నడుస్తుంది. దారి చూసేది గొర్రె, దాని కళ్లు బాగానే ఉన్నాయి. అరవై ఏళ్లుగా ఈ కొండను చూస్తున్నాను, అది మారలేదు. మారని దాన్ని మళ్లీ మళ్లీ చూడటానికి ఆపరేషను ఎందుకు?

ఇక నీ గుర్తున్నవాటి సంగతి. అమ్మేసెయ్ అన్నావు. తిరుపాలు మందలో కలపమన్నావు. కలిపితే ఇద్దరం చెవులు చూసి లెక్క చెప్పుకోవాలి. నీ వాటా ఎంతో తేల్చుకోవాలని నీకు ఇన్నేళ్లకు అనిపించిందా? జీవం కుడి చెవికి కొసకోత ఉంటే నాది, రెండు గంట్లు ఉంటే నీది. ఎప్పుడూ ఒకదాన్ని ఇంకోదానిలో కలపలేదు. నీ జీవం ఒక్కటి కూడా నేను తినలేదు.

మన కట్టుబాటు నీకు తెలుసు. చెవికి ఎవరి గుర్తుంటే జీవం వాళ్లది. దానికి జబ్బు చేస్తే మందు పోయించాల్సింది కూడా వాళ్లే, కాపరి అడ్డు చెప్పకూడదు. జీవాన్ని ఎలాగూ ఎవరూ అడగరు. కావాలంటే వచ్చి నీవి తోలుకుపో. తిరుపాలు చేతికి మాత్రం నా మంద ఇవ్వను.

కోపంతో రాయలేదు. రాశాక చదివితే కోపంగా ఉంది. మళ్లీ రాసే ఓపిక లేక ఇదే పంపుతున్నాను.

మాలకొండమ్మ


ఆత్మకూరు,
25 ఆగస్టు 2024.

అత్తా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. వాటా అడిగానా నేను? నీ కళ్ల కోసం నా జీవాలు పోయినా పోనీ అన్నాను. నువ్వు దాన్ని తిరగేసి చదివావు. నా రాతలోనే లోపం ఉంటే క్షమించు.

నీ కారణాలు మూడూ బోర్డు మీద రాశాను. నీ పేరు చెప్పలేదు, ఎవరో పెద్దామె అన్నాను. ఇవి న్యాయమా, కుతర్కమా అని అడిగితే క్లాసంతా కుతర్కమే అని తేల్చింది. అప్పుడు వెనక బెంచీలోంచి రేణుకాదేవి అనే పిల్ల లేచింది. ఎప్పుడూ నోరు తెరవని పిల్ల. ‘టీచర్, ఆమెకు ఆపరేషనంటే భయం కాదు. ఏదో దాస్తా ఉండాది. మా అవ్వ కూడా ఏదన్నా దాచినప్పుడే ఇన్ని కారణాలు చెప్తాది’ అంది.

అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. తిరుపాలు అంటే నీకు చిన్నప్పట్నుంచి తమ్ముడితో సమానం. నీకు జ్వరం వస్తే జీవాలకు నీళ్లు పెట్టేది ఆయనే. అలాంటి మనిషి చేతికి మంద ఇవ్వనంటున్నావు. ఏముందత్తా నీ మందలో, ఆయన చూడకూడనిది?

నువ్వు ఏది దాచినా నాకు కోపం లేదు. దసరా సెలవులకు వస్తున్నాను. వచ్చి మాట్లాడతాను. పెదాలు కనపడేలా ఎదురుగా కూర్చుని, మెల్లగా.

నీ నిరోష


ఉదయగిరి,
5 సెప్టెంబరు 2024.

నిరోషా,

నీ ఉత్తరం చదవడానికి రెండు రోజులు పట్టింది. ఎండలో పెట్టుకుని చదివాను.

దసరాకు రావద్దు. మందను సోమశిల వైపు తోలుతున్నాం. ఇంట్లో ఎవరూ ఉండరు.

ఇక్కడ ఒక తప్పు జరిగింది. కావాలని చేయలేదు. ఎవరైనా నీకు వేరేలా చెబితే నమ్మకు.

అక్షరాలు పెద్దవిగా రాశానని అనుకోకు. కాగితం ఎక్కువుంది, అందుకని.

అత్త


ఆత్మకూరు,
22 సెప్టెంబరు 2024.

నా మాలకొండత్తకు,

ఈ ఉత్తరం పెద్దపెద్ద అక్షరాలతో, నల్ల స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. నా దగ్గర కూడా కాగితం ఎక్కువుంది.

సోమశిల నిండుకుండలా ఉన్నప్పుడు మందను అటు తోలేదెవరత్తా? నీళ్లు తగ్గి గడ్డి బయటపడ్డాక కదా తోలేది. నీ ఉత్తరం చదివిన రోజే అది అబద్ధమని తెలిసింది. ఎందుకు ఆడావో మొన్న శుక్రవారం తెలిసింది.

తిరుపాలు బడికి వచ్చాడు. మధ్యాహ్నం అన్నాల వేళ గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వేపచెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టి చెప్పాడు.

‘పాపా, మీ అత్త నా గొర్రెపిల్లలు రెండింటికి నీ గుర్తేసింది. ఎడమ చెవికి నా చీలిక ఉండాది, ఆమెకు కనపళ్ళేదు. పెద్దమనుషులు దొంగతనం అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆమెకు కళ్లు పోయినాయి, అందుకే పొరబడినాది అని చెప్పినాను. ఆమె నా మీదికే లేచింది. దొంగన్నా పడతాను గానీ గుడ్డిదంటే పడనంది.’

ఇంకొకరి జీవం చెవికి గుర్తు వేస్తే మన దగ్గర ఎంత మాట అంటారో నాకు తెలుసు. అంత మాట ఎందుకు పడ్డావో మాత్రం అర్థం కాలేదు. కళ్లు కనపడటం లేదని ఒప్పుకుంటే పోయేది కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒప్పుకుంటే మంద తన చేతికి వస్తుందని, వస్తే నా గుర్తున్నవి ఏ గొర్రెకు పుట్టినవో తను నాకు లెక్క చెప్పాల్సి వస్తుందని, అదే నీ భయమని చెప్పాడు. తన దగ్గర కూడా మాట తీసుకున్నావట, నాకు చెప్పనని. ఇప్పుడు నీ కళ్లు ముఖ్యమా, మాట ముఖ్యమా అని నాలుగు రోజులు తన్నుకులాడి బస్సెక్కాడట.

‘నీ గొర్రె మీ అమ్మ దినాలు కాకముందే చచ్చిపోయినాది పాపా. చిటుకు రోగమొచ్చి పడిపోయినాది. నేనే గుంట తీసి పూడ్చినాను. ఒక్క ఈత కూడా ఈనలే.’

మరి ఇన్నేళ్లూ నా పేరన ఉన్నవన్నీ ఎక్కడివని అడిగాను.

‘ఏటా ఆమె గొర్రెలకు పుట్టినవాట్లో మంచివి ఏరి నీ గుర్తేస్తాది. ఇదేం న్యాయమక్కా, చచ్చినదానికి పిల్లలేంది అని అడిగినాను. చచ్చింది గొర్రె, గుర్తు చావలేదు గదరా అన్నది.’

అత్తా, నీ మూడో వాక్యం ఇప్పుడు అర్థమైంది. ఆయన్ను బస్సెక్కించి వచ్చి, స్టాఫ్ రూములో తలుపేసుకుని ఏడ్చాను. విజయదుర్గ గారు భయపడి నీళ్లు తెచ్చారు. ఏం చెప్పను ఆవిడకు? నా గొర్రె పాతికేళ్ల కిందట చచ్చిపోయిందని ఇవాళ తెలిసిందని చెప్పాను.

నేను ఎవరి ముందూ చెయ్యి చాచలేదని, నా జీవాలతోనే చదువుకున్నానని ఇంతకాలం తల ఎత్తుకుని తిరిగాను. ఆ తల ఎత్తించింది నువ్వు. నాకు తెలియకుండా, నేను తీసుకుంటున్నానని కూడా నాకు అనిపించకుండా ఇచ్చావు. ఇంత ఇచ్చి, నేను దండం పెడితే ‘నీవి నీకే కదే, మధ్యలో నాకెందుకు’ అనేదానివి. ఇప్పుడు నీకు ఏమని చెప్పను? నాకు అమ్మ ఉంది అత్తా. నాకు ఒక్క రోజు కూడా అమ్మ లేకుండా పోలేదు.

ఇక నా వాదన విను. నీ దగ్గర నేర్చుకున్నదే.

చెవికి ఎవరి గుర్తుంటే జీవం వాళ్లదని నువ్వే రాశావు. నీ రెండు చెవులకూ ఉన్న కమ్మలు నేను పెట్టించినవి. స్నానానికి కూడా తీయనని నువ్వే రాశావు. అంటే నీ చెవులకు ఉన్నది నా గుర్తు. కాబట్టి నువ్వు నా జీవానివి. జబ్బు చేస్తే మందు పోయించాల్సింది గుర్తు వేసినవాళ్లే, కాపరి అడ్డు చెప్పకూడదు, జీవాన్ని ఎలాగూ ఎవరూ అడగరు. ఇవన్నీ నీ చేతిరాతలో నా దగ్గర ఉన్నాయి.

నా జీవాన్ని నేను డాక్టరు దగ్గరికి తోలుకుపోతున్నాను. ఇది కుతర్కమే. ఇందులో తప్పెక్కడుందో నువ్వు చూపించు, చూపించగలిగితే రానక్కరలేదు.

నీ
నిరోష


ఉదయగిరి,
29 సెప్టెంబరు 2024.

నా తల్లి నిరోషకు,

ఓడిపోయాను. నీ ఉత్తరం తిరుపాలు ఎదుటే చదివాను. తప్పెక్కడుందో చూపించమని ఆయన్ను అడిగితే, ‘నాకేం కనపళ్ళేదక్కా’ అన్నాడు. ఆయన కళ్లకు ఏ జబ్బూ లేదు మరి.

చెప్పకుండా ఎందుకు దాచానో చెబుతాను. మీ అమ్మను సాగనంపడానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. నువ్వు నా కొంగు పట్టుకుని ‘నా గొర్రె ఏదత్తా’ అని అడిగావు. అమ్మ ఏదని అడగలేదు. ఆ వారం అంతా నువ్వు ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగింది ఆ ఒక్కటే. పొద్దున్నే దాన్ని గుంటలో పెట్టించి వచ్చాను. ఐదేళ్ల బిడ్డకు రెండో చావు కూడా ఎలా చెప్పను? మేతకు పోయింది, సాయంత్రం వస్తుందన్నాను. సాయంత్రానికి ఇంకో పిల్ల చెవికి రెండు గంట్లు వేసి నీ ముందు నిలబెట్టాను. రక్తం కారుతున్న చెవి చూసి ‘మళ్లీ నొప్పి పెట్టిందా దానికి’ అని నువ్వే పసుపు తెచ్చి పెట్టావు.

తర్వాత చెబుదాం అనుకున్నాను. సెలవులకు వచ్చి దాని పక్కనే కూర్చుని బువ్వ తినేదానివి, నోరు రాలేదు. ఇంటరయ్యాక ఎవరి సాయం వద్దని మొండికేశావు. నీ గొర్రెలే కదా అంటే ఒప్పుకున్నావు. ఆ రోజు నా అబద్ధానికి నేనే దండం పెట్టుకున్నాను.

నువ్వేదో నాకు రుణపడ్డట్టు రాశావు. నాకు బిడ్డల్లేరు. ఏటా పుట్టిన పిల్లల్లో ఏది అందంగా ఉందో, ఏది బలంగా ఉందో చూసి, ఇది నా నిరోషది అని ఎంచుకోవడం నాకెంత సంతోషమో నీకు తెలియదు. ఆ సంతోషం నువ్వు ఇచ్చిందే. ఆ ఎంపిక చేతకాని రోజు వచ్చిందని ఒప్పుకోవడానికే నాకు ప్రాణం ఒప్పలేదు. ఎంచుకోబోయి తిరుపాలు పిల్లల్ని పట్టుకున్నాను.

నిన్న పెద్దమనుషుల దగ్గరికి నేనే పోయి, నాకు కనపడటం లేదని చెప్పాను. వాళ్లు ఏమన్నారో నాకు వినపడలేదు. తల వంచుకుని ఉన్నారని మాత్రం తెలిసింది.

అమావాస్య దాటాక, నాలుగో తేదీ మధ్యాహ్నం బస్సుకు వస్తాను. మంద తిరుపాలుకు అప్పజెప్పాను. బస్టాండులో ఉండు. నేను టికెట్టు తీసుకునే వస్తాను.

అత్త


ఉదయగిరి,
8 డిసెంబరు 2024.

నా బంగారుతల్లికి,

అత్త దీవెనలు. ఇల్లు చేరి వారమైంది. ఈ ఉత్తరంలో గీతలు చూశావా, ఒకటన్నా వంకర ఉంటే చెప్పు. పీట కాలు నిజంగానే కురచగా ఉంది. నువ్వు నమ్మలేదు కదా, ఇప్పుడు కొలిచి చూశాను. కళ్లు పోకముందే అది కురచైంది కాబట్టి నేను అబద్ధం ఆడలేదు. ఇది న్యాయమా, కుతర్కమా అని మీ రేణుకాదేవిని అడుగు. ఆ పిల్లకు నాలుగు గరిటెలు విడిగా పంపుతున్నాను, వాళ్లవ్వకు ఇమ్మను. దాచుకున్నది ఏదైనా ఉంటే చెప్పేసెయ్యమను.

నువ్వు నలభై రోజులు చుక్కల మందు వేసి, తల దువ్వి, వంగకుండా నన్ను కట్టడి చేసి చూసుకున్నావు. బడి నుంచి రాగానే పలక తీసుకుని పక్కన కూర్చుని ఆ రోజు సంగతులన్నీ రాసి చూపించావు. నాకు పలక పట్టించిన సారు ఉండి చూస్తే ఎంత మురిసిపోయేవాడో. నీకు మంచి జరగాలి. ఇంతకన్నా రాయడానికి నాకు మాటలు రావు.

పట్టీ తీసిన రోజు ముందుగా నీ మొహం చూశాను. కళ్ల కింద నలుపు ఉంది. పిల్లల నోటుబుక్కులు తక్కువ దిద్దు. నీ పాత ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. టీచరు రాత ఇంత గజిబిజిగా ఉంటుందని నేను అనుకోలేదు. ఇంతకాలం నా కళ్లదే తప్పనుకున్నాను.

మంద బాగుంది. తిరుపాలు ఆ రెండు పిల్లల్ని తీసుకోనంటున్నాడు. ‘చెవికి ఎవరి గుర్తుంటే వాళ్లదే గదక్కా, నువ్వు చెప్పిందే’ అని నా మాట నాకే అప్పజెప్పాడు. వాదించి లాభం లేదని ఊరుకున్నాను. మొన్న ఆయన సంతకు పోయినప్పుడు నా మందలో రెండు మంచి పిల్లల్ని ఏరి, ఎడమ చెవికి చీలిక వేసి ఆయన మందలో వదిలాను. ఈసారి రెండు చెవులూ చూసి మరీ వేశాను. ఆయన ఇంకా కనిపెట్టలేదు. కనిపెట్టినా నా దగ్గర జవాబుంది.

నీవి పదకొండు ఉన్నాయి. తప్పుగా నీ గుర్తు పడ్డ ఆ రెండింటితో పదమూడు. నిజం తెలిసింది కాబట్టి ఇక గుర్తు వెయ్యనక్కరలేదని నువ్వు అంటావు. నేను వేస్తూనే ఉంటాను. ఈ ఏటి పిల్లను నిన్ననే ఎంచాను, నుదుట తెల్లమచ్చ ఉంది.

రెండో కంటికి ఎండాకాలం సెలవుల్లో రమ్మన్నావు. వస్తాను. ఇవాళ పొద్దున తల దువ్వుకుంటూ చాలా రోజుల తర్వాత అద్దంలో నా చెవులు చూసుకున్నాను. గుర్తు సరిగ్గానే పడింది.

నీ
మాలకొండమ్మ